చీపురు ఎవరి చేతిలో ఉంది?

(పుదుచ్చేరి, మురుంగపాక్కంలో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీల్లో నాణ్యతా నిర్వహణ మీద జాతీయ సంస్కృతి ప్రభావం గురించి మాట్లాడమన్నారు. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో దీనికి సిద్ధంగా ఒక జవాబుంది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేల నుంచి 'అధికార దూరం' అనే కొలత తీశాడు. అందులో భారత్‌కు 77, జపాన్‌కు 54. మనవాళ్లకు పైవాళ్లంటే భయం ఎక్కువ, అందుకే కిందివాడు తప్పు ఎత్తిచూపడని పాఠం చెబుతారు. ఆ భయం ఎక్కడ పుట్టిందో చెప్పరు. కులం అన్న మాటే రాదు.

1950లో డెమింగ్ పాఠాలు చెప్పడానికి వెళ్లేనాటికి జపాన్ సరుకుకు చవకబారు అనే పేరుండేది. సంస్కృతి తలరాతే అయితే ఆ పేరు మారేది కాదు. 1962లో అక్కడ మొదలైన క్వాలిటీ సర్కిళ్లు మన దేశంలో మొదట 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో అడుగుపెట్టాయి. ఒకే చోట పనిచేసేవాళ్లు కలిసి కూర్చుని లోపాలు వెతకాలి, పరిష్కారం చెప్పాలి. ఆ కలిసి కూర్చోవడమే ఇక్కడ అసలు చిక్కు.

జపాన్ 'ఫైవ్ ఎస్' పద్ధతిలో మూడోది సీసో, అంటే శుభ్రం చేయడం. యంత్రం నడిపేవాడే దాన్ని తుడవాలి. నూనె కారుతోందని, బోల్టు వదులైందని ముందుగా తెలిసేది తుడిచే చేతికే. అంటే అక్కడ తుడవడం కూడా తనిఖీయే. మన దగ్గర చాలాచోట్ల ఫైవ్ ఎస్ బోర్డు గోడ మీద ఉంటుంది, చీపురు కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలి చేతిలో ఉంటుంది. నేల మీద నూనె మరకను మొదట చూసేది ఆమే. కానీ సర్కిల్‌లో ఆమెకు కుర్చీ లేదు.

కులం శ్రమను కాదు, శ్రామికులనే మెట్లుమెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో 1936లోనే వివరించారు. అదే ఏడాది జూలై 30న, ఈ ఊళ్లోనే, సమ్మె చేస్తున్న 12 మంది మిల్లు కార్మికులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. కార్మికుడి మాటకు ఈ నేల మీద చెల్లించిన మూల్యం అది.

డెమింగ్ 14 సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని పోగొట్టమంటుంది. పరిశోధన చేసే విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ ప్రశ్నావళిలో మూడు ప్రశ్నలు చేర్చండి: సర్కిల్‌లో ఎవరు కూర్చుంటున్నారు? ఎవరు ఊడుస్తున్నారు? వాళ్లు ఏ కులాల వాళ్లు? ఈ మూడూ అడగకుండా కొలిచిన సంస్కృతి సగమే.

జై భీమ్.