అడవియింట మూడు రాత్రులు

(గత ఆదివారము పద్మనగరమున జరిగిన సంఘసభలో చేసిన ప్రసంగము)



ఈ యేటి కార్తీక వనభోజనములు ఎచ్చట జరుపవలయునని క్రిందటి సమావేశమున చర్చ వచ్చినప్పుడు, భీమాశంకరపు అడవిలో ఒక యింట బస దొరకునట, మూడు బస్సులు వేసికొని పోవుదమని యువకులు కొందరు సూచించిరి. అట్టి యింట మేము మొన్న ఆషాఢము చివర, నూలుపున్నమికి ఇంకను మూడు వారములుండగా, మూడు రాత్రులు గడపి వచ్చితిమి. అది తెలిసి కార్యదర్శిగారు ఆ వివరములను సభకు చెప్పుమని మమ్ము కోరిరి. మేము గుడ్డ అమ్ముకొనువారమే కాని ఉపన్యాసకులము కాము. చూచినది చూచినట్లు చెప్పుదుము. మూడు బస్సుల మాట చివర చెప్పుదుము.

ముందుగా, పోవుటకు కారణము. మా పెద్దనాయనగారిని మీలో చాలమంది యెరుగుదురు. నల్లగొండ జిల్లాలో గుంటమగ్గముపై నేత నేర్చి, చిన్నతనముననే భివండీ వచ్చి, 40 ఏండ్లు సాంచెల నడుమ నిలిచినవారు. కొన్నేండ్లుగా వారికి వినికిడి తగ్గి, ఇప్పుడు చెవి దగ్గర అరచిననే మాట తెలియును. చెవిలోపల శబ్దమును పట్టెడు సూక్ష్మమైన కణములు దీర్ఘకాలపు మ్రోతచేత చెడినవనియు, అవి మరల మొలవవనియు వైద్యులు చెప్పిరి. సాంచెలాడు కార్ఖానాలో ధ్వని 100 డెసిబెళ్ళ దరిదాపున నుండును. 8 గంటల పనికి 90 డెసిబెళ్ళు మించరాదని కార్ఖానాల నిబంధన. మన పాళీ 12 గంటలు. ఈ లెక్క కట్టుటకు పెద్ద చదువు అక్కరలేదు.

వారొకనాడు మాతో, "సప్పుడు లేని జాగకు ఒక్కపారి తోల్కపోరా" అనిరి. చెవులు వినబడనివారికి చప్పుడులేని చోటెందుకని ఇంటిలోనివారు నవ్విరి. కాని వారి తలలో సాంచెలు రాత్రింబవళ్ళు ఆడుచునే యున్నవట. వినికిడి పోయినవారిలో పలువురకు ఈ హోరు ఉండునని వైద్యులే చెప్పిరి. అందుచేత ఇంటిల్లిపాది ఆరుగురము బయలుదేరితిమి.

మ్యాపులో చూచినచో భీమాశంకరము మన ఊరికి తిన్నగా 60 కిలోమీటర్లకు మించి లేదు. నడుమ సహ్యాద్రి గోడవలె నిలిచియున్నది. కావున కల్యాణ్, ముర్బాడ్ మీదుగా మాల్షేజ్ ఘాటు ఎక్కి, ఓతూరు, జున్నర్, ఘోడేగావ్ చుట్టి పోవలయును. ఆరు గంటలు పట్టినది. ఘాటులో మంచు కమ్మి ఎదుటి లారీ దీపము కూడ కానరాలేదు. ఘోడేగావ్ దాటిన తరువాత డింభే జలాశయము వచ్చును. పాత ఆంబేగావ్ గ్రామము ఆ నీటిలోనే మునిగినది. అచ్చటినుండి అడవి మొదలగును.

వర్షారణ్యమనగానే కేరళలోని సైలెంట్ వ్యాలీయో, కన్నడదేశపు ఆగుంబెయో మనకు స్ఫురించును. భీమాశంకరపు అడవి అంతటిది కాదు. సహ్యాద్రి ఉత్తర భాగమున మిగిలిన సతతహరితపు తునకలలో ఇదొకటి. ప్రభుత్వము దీనిని 1985లో అభయారణ్యముగా ప్రకటించినది. విస్తీర్ణము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. శేకరూ అను పెద్ద ఉడుత ఇచ్చట నివసించును. తోకతో కలిపి మూడడుగుల పొడవుండి, కొమ్మనుండి కొమ్మకు ఎగిరిపోవుచుండును. మహారాష్ట్రమునకు రాష్ట్రజంతువు అదియే. మేము రెండు గూళ్ళను చూచితిమి గాని ఉడుతను చూడలేదు. చూచితిమని మా చిన్నవాడు వాదించుచున్నాడు.

ఆ యిల్లు బాట విడిచి ఒక మైలు లోపల నున్నది. ఇంటివారు మహాదేవ్ కోళీలు. గుమ్మమున "నివాస్ వ న్యాహారీ" అని మరాఠీలో బోర్డు. రాష్ట్ర పర్యాటక సంస్థ ఈ పేర ఒక పథకము నడుపుచున్నది. తమ యింటిలో ఒకటి రెండు గదులు అతిథులకిచ్చి ఉదయము ఫలహారము పెట్టుట దాని పద్ధతి. న్యాహారీ యనగా మన చద్ది అనుకొనుడు. మట్టిగోడలు, పేడతో అలికిన నేల. మరుగుదొడ్డి ముప్పది అడుగుల దూరమున. ఫోను మ్రోగదు. వాన పట్టినచో కరెంటు పోవును. తడిసిన బట్ట మూడు దినములు ఆరదు. ఇవి మొదటనే చెప్పుచున్నాము, తరువాత మమ్ము నిందింపవలదు.

ఊరిపేరు చెప్పగానే ఆ యిల్లాలి ముఖము మారినది. "భివండీవారా? భోంగా తెచ్చితిరా?" అని అడిగినది. లౌడుస్పీకరును అచ్చట భోంగా యందురు. రెండేండ్ల క్రిందట మన ఊరినుండి ఒక జట్టు వచ్చి రెండు రాత్రులు పాటలు మ్రోగించి, తినిన ప్లాస్టిక్కు పళ్ళెములను వాగులో వైచి పోయిరట. ఎంగిలి అంటిన సంచులు తిని వారి ఆవు జబ్బు పడినది. "అడిగిన పైకమిచ్చిరి, అది పశువులడాక్టరుకు చాలలేదు" అని ఆమె భర్త చెప్పినాడు. ఆ వచ్చినవారెవరో మేమెరుగము, తెలిసికొనవలసిన పనియు లేదు. ఊరిపేరు చెప్పి సిగ్గుపడుట మాత్రము మాకు అదియే మొదలు.

మొదటి రాత్రి మాకు నిద్ర రాలేదు. భివండీలో పుట్టి పెరిగినవారికి సాంచెల మ్రోతయే జోలపాట. నడిరేయి కరెంటు పోయి సాంచెలాగినచో వాడయెల్ల ఉలికిపడి లేచును గదా! ఆ యింట దీపమార్పిన పిమ్మట కప్పల అరుపులు, ఏవో పురుగుల గీపెట్టు, చూరునీటి చప్పుడు తప్ప మరేమియు లేదు. పిల్లలు కప్పల గొంతులు ఎన్ని రకములో లెక్కించుచు చాలసేపు మేలుకొనియుండిరి. పెద్దనాయనగారు మంచముమీద కూర్చుండి గోడవైపు చూచుచుండిరి. కప్పల సంగతి సైగతో చెప్పబోగా తల అడ్డముగా ఊపిరి. "నాకు గవేం ఇనవడ్తలేవు. సాంచెలే ఇనవడ్తున్నయి. ఇంటికాడికంటె ఎక్కువనే ఉన్నది" అనిరి. బయటి చప్పుడు తగ్గినకొలది లోపలి హోరు పెరుగునని మాకప్పుడు తెలిసినది. ఎరుగక ఇంత దూరము తెచ్చి బాధపెట్టితిమే యని చింతించి, తెల్లవారగానే తిరిగిపోవలయునని నిశ్చయించుకొంటిమి.

ఉదయము తైదరొట్టె, దానితో ఏదో ఆకుకూర పెట్టిరి. కుర్డూ యని దాని పేరు. మా యింటిది ఆకు చూచి, ఇది మన గునుగు గదా యనినది. నిజమే. బతుకమ్మకు పేర్చు గునుగుపూవు మొక్కయే అది. లేతగా నున్నప్పుడు వానకాలమున కూర వండుకొందురట. పూచినదాకా ఆగి తలపై పెట్టుకొను మనలను చూచి ఆ యిల్లాలు ఆశ్చర్యపడినది.

తిరిగిపోవుదమని పెద్దనాయనగారికి సైగ చేయబోవునంతలో, ఆయన వసారాలో ఒక గంప ముందు గొంతుకూర్చుండిరి. అందులో నల్లగా ఎండిన చిన్న కాయలు. మరాఠీలో హిర్డా, మన కరక్కాయ. పిందెగా నున్నప్పుడే ఎండకాలమున కోసి ఎండబెట్టి అమ్ముకొనుట అచ్చటివారికి ముఖ్యమైన రాబడి. వడ్లు ఒక్క పంటయే గనుక, వేసవిలో చేతికి డబ్బు దానివలననే వచ్చును. ఎండిన కాయ దళారుల చేతికి పోవును గాని, ఆమీద ఎవరికి దేనికి పనికివచ్చునో ఆ యిల్లాలికి తెలియదు. మందులకు పోవునని మాత్రము విన్నదట. పెద్దనాయనగారు ఒక కాయను కొరికి, మొగము చిట్లించి, చెప్పసాగిరి. తమ బాల్యమున నూలును కరక్కాయ నీటిలో నానబెట్టనిదే రంగు పట్టెడిది కాదనియు, తుప్పుపట్టిన యినుము ఊరిన నీరు దానికి కలిసినచో చెడని నలుపు వచ్చుననియు, చేతులతో చూపుచు మరాఠీలో చెప్పిరి. ఆమె అడిగినది వారికి వినబడదు. అయినను ఒక గంటసేపు ఆ సంభాషణ ఆగలేదు. ఇంటివద్ద వారు అంతసేపు మాటలాడి ఎన్నేండ్లయినదో మాకు గుర్తులేదు. తిరుగు ప్రయాణము మాట మేము మరల ఎత్తలేదు.

మధ్యాహ్నము గుడికి పోయితిమి. పండ్రెండు జ్యోతిర్లింగములలో నొకటి గనుక వర్ణింప పనిలేదు. శిఖరము నానా ఫడ్నవీసు కట్టించినదందురు. గుడి ముందరి పెద్ద గంట మాత్రము భివండీవారు చూడవలసినది. 1739లో చిమాజీ అప్పా పోర్చుగీసువారినుండి వసయీ కోటను గెలిచినప్పుడు తెచ్చిన గంటలలో నొకటని చెప్పుదురు. మన పొరుగూరి గంట మనకంటె ముందే ఈ కొండ యెక్కినది.

గుడి దగ్గర భీమానది పుట్టుచున్నది. నాగఫణి యను కొండకొమ్ము పైనుండి చూచినచో పడమట కొంకణము క్రిందుగా కనబడును. మంచు ఒక్క క్షణము విడినప్పుడు మేము చూచితిమి. ఆ వెనుకవైపు పడిన చినుకు లోయలోని యేళ్ళగుండ ఉల్హాసు నదిలో కలిసి, కల్యాణ్ ప్రక్కగా, మన భివండీ ఖాడీ మీదుగా వసయీ దగ్గర సముద్రము చేరును. తూర్పువైపు పడిన చినుకు భీమలో కలిసి, పండరిపురమును దాటి, 860 కిలోమీటర్లకు పైగా నడచి, రాయచూరుకు ఉత్తరమున కృష్ణలో కలియును. అచ్చటినుండి జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము. సాగరపు ఎడమకాలువ పారునది నల్లగొండకే. ఇది వ్రేళ్ళతో నేలపై గీచి పెద్దనాయనగారికి చూపితిమి. వారు చాలసేపు ఆ గీతలవైపు చూచి, "భీమంటే నాకు పడుగు చుట్టే భీమే ఎరుక" అనిరి. నవ్వుటకే అనిరో, మరేమైన తలచుకొనిరో తెలియదు.

ఆ సాయంకాలము వాన పట్టినది. అచ్చట ఏటా సుమారు 3000 మిల్లీమీటర్లు కురియునని చదివియుంటిమి. అందులో కొంత ఆ రాత్రియే కురిసెనేమో యనిపించినది. ఇంటికి పెంకు, వసారాకు రేకులు. రేకులమీద వాన పడుచుండగా ఒకరి మాట ఒకరికి వినబడలేదు. పెద్దనాయనగారు లేచి చీకటిలో వసారాలోనికి పోయి మేకల ప్రక్కన నిలువబడిరి. మేము కంగారుపడి వెంట పోయితిమి. వారు రేకులవైపు తలయెత్తి, "వాన ఇనవడ్తున్నదిరా" అనిరి. కొంచెమాగి, "సాంచెలు బందైనయి" అనిరి.

వారి మంచమును అచ్చటికే మార్చితిమి. తెల్లవారువరకు కదలక నిద్రించిరి. మరునాడు రాత్రియు అట్లే. తిరిగి వచ్చిన తరువాత వైద్యులనడుగగా, వానవంటి ఒక్కతీరు ధ్వని చెవిహోరును కప్పుట కలదనియు, అట్టి ధ్వనిని వినిపించు పరికరములు కూడ వచ్చినవనియు చెప్పిరి. అది రోగము కుదుర్చునది కాదు, ఊరట మాత్రమే.

మూడవనాటి రాత్రి ఇంటివారి కుర్రవాడు దీపములన్నియు ఆర్పించి మమ్ములను వెనుకకు కొనిపోయెను. పడిపోయిన మ్రానొకటి చీకటిలో లేతపచ్చగా వెలుగుచుండెను. వానకాలమున క్రుళ్ళిన కట్టెపై పట్టు ఒక జాతి బూజు ఆ వెలుగునిచ్చునట. పిల్లలు ముట్టుకొనబోగా, చూడవచ్చును గాని తీయరాదని అతడు వారించెను. ఊరి దేవరాయిలోనైతే ఎండుపుల్ల కూడ తీయరు. అట్టి దేవుని వనములను 1970ల దశకమున వర్తక్, మాధవ్ గాడ్గిల్ గారలు ఈ కొండలలో తిరిగి పరిశీలించి వ్రాసియున్నారు. ఈ కుర్రవాడు మన భివండీ గోదాములలో రెండేండ్లు మూటలు మోసి తిరిగి వచ్చినవాడట. ఎందుకు వచ్చితివని అడిగితిమి. నిద్ర పట్టలేదని చెప్పెను.

ఇక బస్సుల మాట. మూడు బస్సులలో 150 మందిమి పోయినచో ఆ యింట నిలువ నీడ కూడ చాలదు. మన చప్పుడును మనమే మోసికొని పోయినట్లగును. వనభోజనములకు వజ్రేశ్వరి చాలును. చెట్లున్నవి, వేడినీటి గుండములున్నవి, విశాలమైన స్థలమున్నది. భీమాశంకరపు ఇంటికి ఒక్కొక్క మారు రెండు కుటుంబములు మాత్రమే పోవలయునని మా అభిప్రాయము. అందులో నొకటి సాంచెలపై పనిచేయువారి కుటుంబముగా నుండి, వారి ఖర్చులో సగము సంఘము భరింపవలయును. ఇది కొందరు యజమానులకు రుచింపకపోవచ్చును. వారు నిలబడి చెప్పవచ్చును, మేము వినెదము. ఇంటివారడిగిన పైకములో బేరమాడరాదు. తీసికొనిపోయిన ప్లాస్టిక్కు తిరిగి తేవలయును.

మరియొక మాట చెప్పక తప్పదు. మేము ఇరువదియేండ్లుగా తాకాలు కొని అమ్ముచున్నాము. ఆ తాకాలు నేసినవారి చెవులలో దూదిపింజ యైన ఉన్నదా యని ఒక్కనాడును చూడలేదు. మా పెద్దనాయనవి కూడ. మొన్న మాకు నేసియిచ్చు నాలుగు కార్ఖానాలకు చెవిబిరడాలు పంపితిమి. రెండు దినములు పెట్టుకొని తీసివేసిరట. నూలు తెగిన చప్పుడు తెలియదని వారి వాదన. అందులో కొంత నిజమున్నది. దానికి ఏమి చేయవలయునో పాత నేతగాండ్రు చెప్పవలయును.

దసరా వెళ్ళిన పిమ్మట రెండు కుటుంబములకు చోటుంచుమని ఆ యింటివారినడిగి వచ్చితిమి. కోరువారు కార్యదర్శిగారివద్ద పేర్లు వ్రాయింపవచ్చును. మొదటి పేరు తమదే వ్రాయుమని పెద్దనాయనగారు అనుచున్నారు. ఒకమారు పోయివచ్చినవారి వంతు మరల వచ్చే యేడేనని మేము చెవి దగ్గర రెండుమార్లు అరచి చెప్పితిమి. వినబడలేదనిరి.