మన బోర్డుకి పేటెంట్ వస్తుందా?

అమరావతి చుట్టుపక్కల కాలేజీల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న: "అన్నా, మిర్చి కల్లంలో తేమ కొలిచే బోర్డు చేశాం, పేటెంట్ వస్తుందా?"

బోర్డు ఎంత బాగా పనిచేస్తోందన్నది కాదండి, మీరు రాసిన క్లెయిమ్ చూస్తారు. సెన్సర్, మైక్రోకంట్రోలర్, ఫ్యాన్ అని మూడే రాశారనుకోండి. ఆ మూడూ అదే అమరికలో పాత డాక్యుమెంట్ ఒక్కదాంట్లో కనిపిస్తే కొత్తదనం పోయినట్టే, అది జపాన్‌లో అచ్చయినా సరే. విడివిడిగా ఉన్నా, వాటిని కలపడం ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదైతే ఇన్వెంటివ్ స్టెప్ లేదంటారు. "పాతది వడ్లకి, మాది మిర్చికి" అంటే సరిపోదు. మిర్చి కోసం సర్క్యూట్‌లో ఏం మార్చారు, దాంతో ఏ ఇబ్బంది తీరింది? ఆ మార్పు క్లెయిమ్‌లో కనబడాలి.

ఈ లెక్కలో ఎనియాక్ అంతటి కంప్యూటరే దెబ్బతింది. ఎకర్ట్, మాక్లీ 1947 జూన్ 26న అప్లై చేశారు, 1964లో పేటెంట్ వచ్చింది. హనీవెల్, స్పెర్రీ రాండ్ కేసులో 1973 అక్టోబర్ 19న జడ్జి ఎర్ల్ లార్సన్ అది చెల్లదన్నారు. అందరూ చెప్పే కారణం అటనాసాఫ్. అయోవాలో ఆయన, బెర్రీ కలిసి అంతకుముందే ఎలక్ట్రానిక్ యంత్రం కట్టారు, 1941లో మాక్లీ వెళ్లి చూశాడు. ఆ యంత్రానికి అసలు పేటెంటే లేదు, అయినా అడ్డుపడింది!

నాకైతే ఇంకో కారణం ముఖ్యం అనిపిస్తుంది. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ని వాళ్ళే అందరికీ చూపించారు. అప్పటి అమెరికా చట్టం ఇచ్చిన గడువు ఏడాది. వీళ్ళు ఫైల్ చేసేసరికి పదహారు నెలలు.

మన దగ్గర ఆ ఏడాది కూడా అందరికీ లేదు. సెక్షన్ 31 ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో చూపించడం లాంటి కొన్నిటికే 12 నెలలు. మామూలు టెక్‌ఫెస్ట్, యూట్యూబ్ వీడియో అందులోకి రావు. గ్రాంట్‌కి ముందు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, అప్పుడు మీ వీడియో లింకే వాళ్ళకి సాక్ష్యం.

కాబట్టి ముందు ప్రొవిజనల్ ఫైల్ చేయండి, పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలలు టైముంటుంది. కానీ రెండు పేరాలు గీకి పెట్టకండి. అందులో చెప్పని సర్క్యూట్‌కి ఆ తేదీ వర్తించదు. తేదీ చేతికొచ్చాక డెమో పంపండి, ఛానెల్లో పెడతాను.