మెత్తని నేలపై బండి బలము

ప్యాపిలిలో కూర్చుండి మంచును గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. వేసవిలో గుట్టలమీది రాళ్లు నిప్పులవలె కాలెడి ఈ సీమవారికి, మంచుకొండలపై నడచు బండి సంగతి ఏల యని శ్రోతలు అడుగవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. కాని ఒక వానకాలమున ప్యాపిలి దాపున, ఒక పల్లపు చేనిలో, మేము చూచిన దృశ్యము మా తలపును మార్చినది.

రెండు దినములు ముసురు పట్టి విడిచినది. పల్లములోని నల్లరేగడి పైకి ఆరినట్లు కనిపించుచు లోపల వెన్నవలె నున్నది. సేద్యమునకు దిగిన ట్రాక్టరు ఒకటి చేని నడుమ నిలిచిపోయినది. తోలుచున్న యువకుడు ఇంజను వేగము పెంచినకొలది వెనుక చక్రములు గిర్రున తిరుగుచు, మట్టిని చిమ్ముచు, తమ గోతిని తామే త్రవ్వుకొన్నవి. తుదకు ఇరుసు నేలకు ఆనినది. గట్టున నిలిచి చూచుచున్న పెద్దరైతు ఒకరు, “ఆపప్పా, ఆపు! బండికి సత్తువ లేక కాదు, నేలకు సత్తువ లేక దిగబడింది” అన్నారు. పిమ్మట నలుగురు కలిసి చక్రముల ముందరి బురద తీసి, కందికట్టెయు కంపయు పరచి, చిన్న గేరులో మెల్లగా కదలించగా ట్రాక్టరు గట్టెక్కినది.

ఆ పెద్దరైతు మంచుకొండలను చూచి యుండరు. అయినను మంచుబండిని నిర్మించు యంత్రజ్ఞులు నేర్చుకొన్న మొదటి పాఠము ఆయన నోట వెలువడిన మాటయే.

మంచు మనకు బొత్తిగా పరాయిది కాదు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల ఎత్తున, మంచు విరిగిపడి మద్రాసు రెజిమెంటు సైనికులు పదిమంది అసువులు బాసిరి. వారిలో సిపాయి ముస్తాక్ అహమ్మద్ గారు నంద్యాల ప్రాంతమందలి పార్నపల్లె గ్రామస్థులు. 1984 నుండి మన సైన్యము ఆ హిమసీమను కాచుచున్నది. అచ్చట మనుష్యులను, సరుకులను చేరవేయు సాధనములలో స్నో స్కూటరు, అనగా మంచుబండి, ఒకటి. మన పల్లెల బిడ్డలు కాలుమోపిన ఆ నేల ఎట్టిదో, దానిపై బండి ఎట్లు నడచునో తెలిసికొనుట మనకు పనిలేని పని కాదు.

ఈ బండి పుట్టుక వెనుక ఒక తండ్రి దుఃఖము కలదు. కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రములో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అను యంత్రకారుడు ఉండెడివాడు. 1922లో, పదునైదేండ్ల ప్రాయముననే, అతడు మంచుపై నడచు బండి నొకదానిని కూర్చెను. 1934 చలికాలమున అతని రెండేండ్ల కుమారునికి కడుపులో వ్యాధి ముదిరినది. దారులన్నియు మంచుతో మూసికొనిపోయినందున బిడ్డను ఆసుపత్రికి చేర్చుట సాధ్యపడలేదు. బిడ్డ దక్కలేదు. అటుపిమ్మట బొంబార్డియే పట్టువిడువక కృషిచేసి, 1937లో రబ్బరు పట్టాయు దానిని త్రిప్పు పండ్లచక్రమును గల పద్ధతికి పేటెంటు పొందెను. మొదట ఏడుగురు కూర్చుండు బండ్లు వెలువడినవి. ఒకరిద్దరు ఎక్కి పోదగిన చిన్న బండి 1959లో వచ్చినది.

ఇక బండి తీరు చూతము. ముందు రెండు జారుడు పలకలుండును. అవి దారి త్రిప్పుటకు. వెనుక చక్రములకు బదులు ఒక వెడల్పాటి రబ్బరు పట్టా చుట్టు తిరుగుచుండును. అప్పుడే కురిసిన మంచులో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు గాలియే. మనిషి అడుగు పెట్టిన తొడలవరకు దిగును. మనిషి రెండు కాళ్లపై నిలిచినపుడు పాదముల క్రింద చదరపు అంగుళమునకు రెండు మూడు పౌనుల ఒత్తిడి పడును. మంచుబండియో, తోలువానితో కూడ మూడు వందల కిలోలు తూగినను, పొడుగైన పట్టాపై ఆ బరువు పరచుకొనుటచే చదరపు అంగుళమునకు ఒక పౌనునకు లోపే పడును. అందుచే మనిషి మునుగు చోట బండి తేలును.

కొండలకై చేయు బండ్లకు పట్టాను మరింత పొడిగింతురు. దానిమీద రెండున్నర, మూడు అంగుళముల ఎత్తుగల రబ్బరు పలకలను వరుసగా నిలుపుదురు. ఇవి పడవకు తెడ్లవలె మంచును వెనుకకు నెట్టును. అయితే పట్టా పొడుగైనకొలది బండి సులభముగా మలుపు తిరుగదు. పలకలు పెరిగినకొలది వానిని త్రిప్పుటకు ఇంజను శక్తి ఎక్కువగా కావలయును. కనుకనే బండిలో ప్రతి భాగమునందును బరువు తగ్గించుటకు పాటుపడుదురు. తగ్గిన ప్రతి కిలోయు రెండు విధముల మేలు: మునుగుట తగ్గును, మోయు భారమును తగ్గును.

ఇంతవరకు నేలకు సంబంధించిన పాఠము. తరువాతనే ఇంజను మాట. ఇంజనుకు చమురెంత ముఖ్యమో గాలియు అంతే ముఖ్యము. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. ప్రతి వెయ్యి అడుగులకు ఇంజను శక్తి నూటికి సుమారు మూడు వంతుల చొప్పున తరుగును. సముద్రతీరమున నూరు అశ్వశక్తి గల ఇంజను పదివేల అడుగుల ఎత్తున డెబ్బదికి దిగును. ఈ లోటు తీర్చుటకు టర్బోచార్జరు అను సాధనమును అమర్చుదురు. ఇంజను విడుచు పొగ వేగముతోనే అది ఒక పంకాను త్రిప్పి, పలుచని గాలిని కూరి లోనికి పంపును. 2020 నుండి కర్మాగారములోనే ఈ సాధనమును బిగించిన టూస్ట్రోకు కొండబండ్లు వెలువడుచున్నవి. ఇంత వ్యయము లేని ఉపాయము మరొకటి కలదు. ఈ బండిలో గేర్లకు మారుగా రెండు కప్పీల నడుమ బెల్టు తిరుగును. ముందరి కప్పీలోని చిన్న తూకపు ముక్కలను ఎత్తునకు తగినట్లు తేలికవి వేసిన, ఇంజను తన సరియైన వేగమును అందుకొనును. ఉన్న శక్తి చెడక పట్టాకు చేరును.

ఈ సూత్రములను మన రేగడికి అన్వయింతము. రేగడిలోని సన్నని బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బును. టైరు గాళ్లలో కూరుకొని దానిని నున్నని డొల్లుగా మార్చును. పొడినేలలోను, ఇసుకలోను బరువు పెరిగిన పట్టు పెరుగును. తడి రేగడిలో అట్లు కాదు. నేలను తాకు వైశాల్యము పెరిగిననే పట్టు పెరుగును. కనుక ఎండు దుక్కికై టైరులో నింపిన నీరు, తగిలించిన ఇనుప దిమ్మెలు, తడినేలలో మేలు చేయక ముంచును. కుందూ లోయలో వరిమళ్ల దమ్మునకు ట్రాక్టరు చక్రముల ప్రక్కన కేజ్‌వీల్స్ అనెడి ఇనుప చక్రములను బిగించుట మంచుబండి పట్టా వంటి యుపాయమే. వాటితో తారురోడ్డు ఎక్కరాదు; ఊరందరి రోడ్డు చెడును.

చక్రము ఎంత వ్యర్థముగా తిరుగుచున్నదో తెలిసికొనుట సులభము. వెనుక చక్రముపై సున్నముతో ఒక గుర్తు పెట్టుడు. నాగలి పైకెత్తి పది చుట్లు నడిపి దూరము కొలువుడు; నలువది మీటర్లు వచ్చినదనుకొందము. నాగలి దించి అదే చేనిలో మరల పది చుట్లు నడుపుడు. ముప్పదియైదు మీటర్లు వచ్చిన, నూటికి పండ్రెండున్నర వంతులు జారుచున్నదని అర్థము. దుక్కిలో ఇది సమంజసమే. ముప్పది మీటర్లే వచ్చిన, నాలుగు చుట్లలో ఒక చుట్టు మన్నుపాలు. అట్టి చేనికి మరింత పెద్ద ట్రాక్టరు కొన్నను జారుడే పెరుగును. నేల రెండు దినములు ఆరనిచ్చుట, టైరులో గాలిని తయారీదారు చెప్పిన హద్దులో తగ్గించుట, లోతు తగ్గించి దున్నుట — వీనికి ఖర్చు లేదు.

మన సీమలో ఎత్తు వలన తరుగు శక్తి స్వల్పము; దుమ్ము వలన తరుగునది అధికము. ఎయిర్ క్లీనరు దుమ్ముతో మూసికొన్న ట్రాక్టరు పదివేల అడుగుల కొండపై నున్న బండి వంటిదే. నల్లని పొగ కనిపించినపుడు ఇంజను బలము తగ్గినదని వగచుటకు ముందు దాని ముక్కు శుభ్రముగా నున్నదేమో చూడవలయును.

చివరగా ప్రాణమునకు సంబంధించిన మాట. మంచుకొండలలో బలమైన బండి మనిషిని నిటారు వాలుల మీదికి కొనిపోవును. ముప్పది మొదలు నలువదియైదు డిగ్రీల వాలులలోనే మంచు పలకలు తరచుగా విరిగి జారును. బండి ఎక్కగలదని ఎక్కినవాడు దానితోనే కప్పబడును. మన చేలలోను ఇట్టి యాపద కలదు. దిగబడిన ట్రాక్టరు చక్రము తిరుగలేనపుడు, ఇంజను బలము బండి ముందుభాగమును పైకెత్తును. రెప్పపాటున ట్రాక్టరు వెనుకకు తిరుగబడి తోలువానిమీద పడును. చక్రమునకు దుంగ కట్టి పైకి లాగ జూచుట ఇందుకే ప్రాణాంతకము. గొలుసుతో లాగునపుడు క్రిందనున్న డ్రాబారుకే తగిలింపవలెను గాని, ఇరుసునకు గాని అంతకు పై భాగమునకు గాని తగిలింపరాదు. వీలైన ట్రాక్టరును రివర్సులో మెల్లగా వెనుకకు తీయుట మేలు.

ఆనాడు ప్యాపిలి చేనిలో ఆ యువకుడు పెద్దల మాట విని ఇంజను ఆపెను. అతడు ఇంటికి క్షేమముగా చేరుటకు అదియే కారణమని మా నమ్మకము. ఈ వానకాలమున మీ ఇంటి పిల్లలు ట్రాక్టరెక్కునపుడు, చక్రము గిర్రున తిరిగినంతనే ఆపి దిగి చూడవలెనని వారికి చెప్పుడు. పార, గంప, నాలుగు కంపలు బండిలో నుంచుడు. పెద్ద ఇంజను కొనుటకు అప్పు చేయుటకు ముందు సున్నపు గుర్తు పెట్టి ఆ పది చుట్లు కొలిచి చూడుడు.