పాత ఫైలు, కొత్త జబ్బు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నన్ను ‘ఇంజనీరుగా నా అనుభవాలు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసి, పక్కన పెట్టేశాను. ఈమధ్య మనం కలిస్తే పిల్లల పెళ్లిళ్ల కంటే స్కానింగుల కబుర్లే ఎక్కువవుతున్నాయి. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. నేను డాక్టర్ని కాను. చదివీ, డాక్టర్లను అడిగీ తెలుసుకున్నదే చెబుతున్నాను.

మా అక్క ఈ బడిలోనే, నాకంటే నాలుగేళ్లు ముందు చదివింది. ఇప్పుడు రెండో వరసలో కూర్చుని ఉంది. ఆమె సరేనన్నాకే ఈ మాటలు చెబుతున్నాను. పదకొండేళ్ల క్రితం అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. కోలుకుంది. మనవల్ని ఎత్తుకుంది. రెండేళ్ల క్రితం దగ్గు పట్టుకుని వదల్లేదు. స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది.

మొదట చూపించిన చోట డాక్టరు గారు పాత ఫైలు తిరగేసి, “పాతదే మళ్లీ వచ్చింది, ఊపిరితిత్తికి పాకింది. ఇక పెద్దగా చేసేదేమీ లేదు” అన్నారు. బయాప్సీ చేయలేదు. మేమూ అడగలేదు. బావగారు “మళ్లీ ఆ బాధలన్నీ ఎందుకు పెట్టడం” అన్నారు. నేను కూడా తల ఊపాను. అలా రెండు నెలలు గడిచిపోయాయి.

ఒకరోజు అక్కే అడిగింది: “ఒరేయ్, అది పాతదేనని వాళ్లకెలా తెలిసిందిరా?”

నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా ప్లాంటులో పని చేస్తున్నాను. ఒకసారి రిపేరు చేసిన బాయిలర్ ట్యూబు మళ్లీ కారితే, ముక్క కోసి ల్యాబుకు పంపకుండా ‘పాత వెల్డింగే కారణం’ అని రిపోర్టు రాయనిచ్చేవాణ్ణి కాదు. సొంత అక్క విషయంలో ఆ పాటి ప్రశ్న కూడా వేయలేదు.

ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకినా, దాని కణాలు రొమ్ము కణాల గుర్తులనే చాలావరకు మోస్తాయట. ఈస్ట్రోజెన్ రిసెప్టర్, గాటా-3 అలాంటివి. ఊపిరితిత్తిలోనే పుట్టిన ఎడినోకార్సినోమాలో సాధారణంగా టీటీఎఫ్-1 కనిపిస్తుంది. అక్క రిపోర్టులో టీటీఎఫ్-1 ఉంది, మిగతావి లేవు. అంటే పాతది తిరిగి రాలేదు, ఇది కొత్త జబ్బు. జన్యు పరీక్షలో ఈజీఎఫ్ఆర్ మార్పు కూడా బయటపడింది. పొగ తాగని ఆసియా మహిళల ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఇది తరచుగా కనిపించే మార్పు. దానికి మాత్రలున్నాయి. అప్పటికే నాలుగో దశ, పూర్తిగా పోతుందని ఎవరూ చెప్పలేదు. కానీ ఏడాదిన్నరగా ఆ మాత్రలతోనే అక్క తన పని తాను చేసుకుంటోంది. ఈ రోజు మెట్లెక్కి ఈ హాల్లోకి వచ్చింది.

అయినా నాకో సందేహం మిగిలింది. ఒకసారి క్యాన్సర్ వచ్చిన మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే, మొదటిసారి వచ్చిన వాళ్లకంటే తక్కువ కాలం బతుకుతారా? అందరం అలాగే అనుకుంటాం. డాక్టర్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. కొత్త మందుల ప్రయోగాల్లో ‘గతంలో క్యాన్సర్ వచ్చినవారు అనర్హులు’ అనే షరతు పెట్టేవారు. అమెరికాలో 51 ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రయోగాల నిబంధనలు పరిశీలించి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వాటిలో సుమారు 80 శాతంలో ఆ షరతు ఏదో ఒక రూపంలో ఉంది.

నాకు మా టెండర్ పత్రాలు గుర్తొచ్చాయి. ఎప్పుడో ఎవరో జాగ్రత్త కోసం ఒక షరతు రాస్తారు. తర్వాతి వాళ్లు దాన్నే కాపీ కొడతారు. అది అవసరమా అని ఎవరూ లెక్క తీయరు.

ఇక్కడ మాత్రం లెక్క తీశారు. 1992 నుంచి 2009 దాకా అమెరికాలో నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడిన, 65 ఏళ్లు దాటిన లక్ష మందికి పైగా రోగుల వివరాలు చూశారు. వారిలో సుమారు 15 శాతం మందికి ముందే మరో క్యాన్సర్ వచ్చి ఉంది. 2015లో ఫలితం ప్రచురించారు. పాత క్యాన్సర్ ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే తక్కువ కాలమేమీ బతకలేదు. కొద్దిగా మెరుగ్గానే ఉన్నారు. పాత క్యాన్సర్ మేలు చేసిందని దీనర్థం కాదు. ఒకసారి గండం గడిచినవాళ్లు చెకప్‌లకు వెళ్తూ ఉంటారు కాబట్టి, కొత్తది కాస్త ముందుగా కంటపడి ఉండవచ్చు. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా అలాంటివారిని ప్రయోగాల నుంచి ఊరికే తప్పించవద్దని సూచించింది.

అన్ని క్యాన్సర్లకూ, అన్ని దశలకూ ఇదే లెక్క వర్తించదు. తొలి దశలో, ఇతర అవయవాల క్యాన్సర్లలో పాత జబ్బు తేడా చూపించవచ్చు. పాత వైద్యం కూడా కొత్త వైద్యానికి హద్దులు గీస్తుంది. ఛాతీకి ఇచ్చిన రేడియేషన్ ఎంతో తెలియాలి. డాక్సోరూబిసిన్ లాంటి మందును జీవితం మొత్తంలో ఇంత మోతాదుకు మించి ఇవ్వరు, గుండె దెబ్బతింటుందని. అందుకే పాత ఫైలు పారేయకూడదు. దాన్ని చూసి వైద్యం ఎలా చేయాలో నిర్ణయించాలి. వైద్యం వద్దనడానికి అదే కారణం కాకూడదు.

మీలో ఎవరింటికైనా ఈ కష్టం వస్తే నాలుగు పనులు చేయండి. పాత బయాప్సీ రిపోర్టు, కీమో, రేడియేషన్ వివరాలు ఒకచోట భద్రపరచండి. పాత బయాప్సీ ముక్కల మైనపు బ్లాకులు, స్లైడ్లు దొరుకుతాయేమో ఆ ఆసుపత్రిలో అడగండి, పోల్చి చూడటానికి పనికొస్తాయి. కొత్త గడ్డ కనిపిస్తే, ‘ఇది పాతదా, కొత్తదా? ఏ పరీక్షతో తేలింది?’ అని అడగండి. చుట్టా బీడీలతో నోటి క్యాన్సరో గొంతు క్యాన్సరో వచ్చి బాగైనవాళ్లు ఇంట్లో ఉంటే, పొగ మాన్పించండి. అదే పొగ ఊపిరితిత్తులకూ ముప్పు.

ఈ బడిలో ‘తెలియకపోతే లేచి అడగండి’ అని మన మాస్టార్లు ఎన్నిసార్లు చెప్పారో. నేను మరిచిపోయాను. అక్క మరిచిపోలేదు. ఆ రెండు నెలలు ఆమెకు నేను తిరిగి ఇవ్వలేను. మీరు మాత్రం పోగొట్టుకోకూడదని ఇదంతా చెప్పాను.