మన దొడ్లో రాత్రి మజిలీ



మన చేలల్లో పైవాళ్ళు రాత్రి మజిలీ చేయటం కొత్త సంగతి కాదు. వరికోతలయ్యాక బాతుల మందలు వస్తాయి. రాలిన గింజలూ, నత్తలూ యేరుకు తింటాయి. మినుము తీశాక గొర్రెల మందలు వస్తాయి. మంద కట్టించుకునే రైతు కాపరితో ముందే మాట్లాడుకుంటాడు గదా! యెన్ని జీవాలు, యెన్ని రాత్రులు, యే మడిలో, యిచ్చేది యెంత అని. తెల్లవారేసరికి మడికి యెరువు, కాపరికి రొక్కమో గింజలో. యిద్దరికీ లాభమే. యెవరికీ మొగమాటం లేదు.

యిప్పుడు యింకొక రకం మజిలీ మన గుమ్మంలోకి వస్తున్నది. పడక, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే అమర్చుకున్న మోటారు బండి. దీన్ని కారవాన్ అంటున్నారు. కేరళ ప్రభుత్వం 2021లో యీ బండ్ల యాత్రల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. ఫ్రాన్సు దేశంలో 1993 నుంచి ‘ఫ్రాన్స్ పాసియోఁ’ అనే యేర్పాటు నడుస్తున్నది. అక్కడి రైతులు, ద్రాక్షతోటలవాళ్ళు యిటువంటి బండిని ఒక రోజు తమ ఆవరణలో వుచితంగా నిలుపుకోనిస్తారు. అమెరికాలో ‘హార్వెస్ట్ హోస్ట్స్’ అనే సంస్థ ద్వారా వచ్చే అతిథి రాత్రికి అద్దె యివ్వడు గాని, ఆ రైతు దగ్గర యేదో ఒక సరుకు కొనటం మర్యాద. రైతు పెట్టుబడి ఒక జాగా. రాబడి, గుమ్మంలోనే అమ్మకం.

యిది మన వైపు పనికొస్తుందా అంటే, వస్తుందనే నా మనవి. బందరు నుంచి మోపిదేవి మీదుగా 216వ జాతీయ రహదారి వెళుతున్నది. కూచిపూడి, ఘంటసాల, శ్రీకాకుళం, మోపిదేవి, హంసలదీవి చూడవచ్చేవారు వున్నారు. మన దగ్గర మినప్పప్పు వుంది, గేదె నెయ్యి వుంది, అరటి వుంది, కొబ్బరి వుంది. పెడన వైపు కలంకారీ అద్దకం చేసేవారికీ యిది వర్తిస్తుంది. బట్టలు ఆరవేసే జాగా పక్కన ఒక బండికి చోటు లేకపోదు.

అయితే ఒక తప్పు చెప్పాలి. అది నేను చేసిన తప్పు.

రెండేళ్ళ క్రితం మాఘమాసంలో హంసలదీవి వెళ్ళే ఒక కుటుంబం యిటువంటి బండిలో కోడూరు వైపు వచ్చింది. నాకు తెలిసిన ఒక కౌలు రైతు, “బండి యెక్కడ పెట్టించమంటారండీ?” అని అడిగాడు. కళ్ళం చేసిన మడి యెండి గట్టిగా కనిపించింది. అక్కడ పెట్టించమన్నాను. మన నల్లరేగడి సంగతి తెలిసిన నేనే పైపెచ్చు చూసి మోసపోయాను. పైన నెర్రెలు, అడుగున చెమ్మ. తెల్లవారేసరికి చక్రాలు సగానికి దిగాయి. ట్రాక్టరుతో లాగితే పక్కన కాపు మీదున్న మినుము రెండు చాళ్ళ వెడల్పున అణిగిపోయింది. అదీగాక ఆ కుటుంబం తెలియక, మరుగుదొడ్డి తొట్టిని పంటబోదెలో కడిగేశారు.

రైతు ఒక్క మాట అనలేదు. “యింటికొచ్చిన వాళ్ళను నష్టం యెట్టా అడుగుతామండీ?” అన్నాడు. గొర్రెల కాపరితో గీచి బేరమాడిన మనిషే ఆయన! మొగమాటం వల్ల ముందు చెప్పలేదు, మొగమాటం వల్లే తర్వాత అడగలేదు. నష్టం మాత్రం కౌలు కట్టే ఆయన మీదే పడింది.

కనుక బండి దిగకముందే తేల్చుకోవలసినవి మనవి చేస్తాను.

మొదటిది జాగా. బండిని చేలో పెట్టించవద్దు. యింటి పక్క మెరక దొడ్డిలో, గ్రావెలు తోలిన చోట పెట్టించండి. పుంత వెడల్పు, కాలువ మీది వంతెన బలం, అడ్డంగా వుండే కరెంటు తీగల యెత్తు ముందే చూసుకోవాలి. కౌలు భూమి అయితే ఆసామి ఒప్పుదల ముందే తీసుకోండి. వచ్చే రాబడి యెవరిదో కూడా అప్పుడే చెప్పుకోండి.

రెండవది నీరు. యిది అన్నిటికన్నా ముఖ్యం. దివిసీమలో చాలా చోట్ల భూమిలో నీరు వుప్పన. కాలువ నీటితో చెరువు నింపుకుని, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ నీరే తాగుతాం. బండి మరుగు బోదెలో పడితే అది వూరు తాగే నీరు. పేడ గ్యాసు తొట్టిలోనూ పోయనివ్వకండి. ఆ తొట్టెల్లో వాడే మందులకు గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి. సెప్టిక్ ట్యాంకుకూ ఆ మందులు మంచివి కావు. ఆ తొట్టిని మూతపెట్టి, మళ్ళీ శుభ్రంచేసే వసతి వున్న చోటికి వారే తీసుకుపోవాలి.

మూడవది నిప్పు, కరెంటు. గడ్డివాముకు దూరంగా, గాలివాలు చూసి పొయ్యి వెలిగించమనండి. పంపుసెట్టుకు వ్యవసాయం కింద యిచ్చిన కరెంటు అతిథి బండికి తగిలించకూడదు. అది చట్టరీత్యా తప్పు. యింటి మీటరు నుంచి యిస్తే ఎర్తు సరిగా వుందో లేదో చూసుకోండి.

నాలుగవది పురుగూ పుట్రా. మన చేలగట్ల మీద, గడ్డివాముల దగ్గర రక్తపింజర, కట్లపాము తిరుగుతాయి. రాత్రి దీపం లేకుండా, చెప్పులు లేకుండా దిగవద్దని చెప్పండి. కాటు పడితే మంత్రం, నాటు వైద్యం అని ఆలస్యం చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి.

అయిదవది వాతావరణం. 1977 నవంబరు 19 నాటి వుప్పెన దివిసీమ మరచిపోలేదు. తుఫాను హెచ్చరిక వున్న రోజున బండిని దిగనివ్వకండి. వున్న బండిని ముందే పైకి పంపండి. విదేశీయులు బస చేస్తే ఆ వివరాలు 24 గంటల్లోగా అధికారులకు తెలపాలని కూడా గుర్తుంచుకోండి.

అన్నిటికీ మించి, యీ ఆశతో అప్పు చేసి గదులు కట్టవద్దు. వున్న జాగా, వున్న సరుకు, అంతే. బండ్లు యెన్ని వస్తాయో చూసి తర్వాత ఆలోచించవచ్చు.

మొన్న మాఘమాసంలో ఆ కౌలు రైతే మరో బండికి చోటిచ్చాడు. యీసారి యింటి దొడ్లో. అట్ట మీద నాలుగు మాటలు రాసి గోడకు తగిలించాడు: బండి యిక్కడ, పొయ్యి అక్కడ, మరుగు నీరు పారబోయరాదు, సరుకుల ధర యిది. వచ్చినవారు చదివి, సరేనన్నారు. మినప్పప్పు, నెయ్యి కొనుక్కుని, ప్రొద్దున్నే వెళ్ళిపోయారు. “వాళ్ళేమీ నొచ్చుకోలేదండీ. ముందు చెబితే అది మర్యాదే అయిపోయింది” అన్నాడు.

నేను చెప్పదలచింది ఆయనే చెప్పాడు. సందేహాలుంటే మీ వూరి రైతు సేవా కేంద్రంలో అడగండి.