ప్రాణము గల గ్రంథములు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు వచ్చిన ప్రతి పుస్తకమునకును ఒక సంఖ్య యుండును. అది ఎన్నడు వచ్చినది, ఎవరిచ్చిరి, ఏ బీరువాలో నున్నది అను సంగతులు పట్టికలో వ్రాయబడును. వృక్షశాస్త్రజ్ఞులు పెంచు తోటలును ఇట్టివే. అయితే అందలి గ్రంథములు ప్రాణము గలవి. అవి నీరు కోరును, పూచును, కాచును, ఒకనాడు మరణించును. ఇట్టి తోటల వలన శాస్త్రమునకు కలుగు మేలునకు తెలుగుదేశముననే ఒక చక్కని నిదర్శనము కలదు.

స్కాట్లండు దేశీయుడగు విలియం రాక్స్‌బర్గు ఈస్టిండియా కంపెనీ వైద్యుడై వచ్చి, కొన్ని సంవత్సరములు సామర్లకోటలో నివసించెను. సమీపమందలి కొండలలో తెలుగువారు మిరియాల తీగ యని పిలుచు ఒక అడవితీగను ఆయన చూచెను. దానిని తెచ్చి 1787లో తోట వేయ నారంభించెను. 1789 నాటికి సుమారు 50 ఎకరములలో 40,000 మొదలు 50,000 వరకు తీగలు పెరిగెను.

అన్ని తీగలును చూపునకు ఒక్కటే. ఫలములో మాత్రము భేదము కనబడెను. కేవలము ఆడుపూవులే పూచు తీగల కాయలు సరిగా పండక పచ్చిగానే రాలిపోయెను. వానిని ఎండబెట్టినను తగిన ఘాటు లేకపోయెను. ద్విలింగ పుష్పములును ఆడుపూవులును ఒకే కంకిలో కలిసియున్న తీగల మిరియములు మిక్కిలి ఘాటుగా నుండెను. అడవిలో ఒక కొమ్మ త్రుంచి, కాగితముల నడుమ అదిమి ఎండబెట్టినచో ఈ రహస్యము తెలియదు. ఎండిన కొమ్మ చెట్టు జీవితములో ఒక్క దినమునే చూపును. పెరుగుచున్న చెట్టు ఆ జీవితమంతయు చూపును.

రాక్స్‌బర్గు దేశీయ చిత్రకారులచే మొక్కల చిత్తరువులు వ్రాయించెను. వానిలో 300 చిత్రములు కోరమండలు తీరపు మొక్కలను గూర్చిన మూడు సంపుటములలో వెలువడినవి. గ్రామస్థులు చెప్పిన తెలుగు పేర్లను ఆయన అందు పొందుపరచెను. సోమిద మాను పేరు నేటికిని శాస్త్రనామములో ‘సోయ్‌మిడా’ యని నిలిచియున్నది. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. ఆ తోటను 1787లో రాబర్టు కిడ్డు స్థాపించెను. 1814లో ప్రకటితమైన దాని మొక్కల పట్టికలో సుమారు 3,500 జాతులు చేరినవి.

విత్తనములనే భద్రపరచిన చాలదా యని సందేహము కలుగవచ్చును. వడ్లను ఎండబెట్టి గాదెలో పోసిన నిలుచును. పనసగింజను, మామిడి టెంకను అట్లు ఎండబెట్టిన మొలకెత్తవు. ఉష్ణమండలపు చెట్లలో అనేకములు ఇట్టివే. 1876లో బ్రెజిలునుండి లండను సమీపమందలి క్యూ ఉద్యానమునకు సుమారు 70,000 రబ్బరు విత్తనములు చేరగా, మొలిచినవి దాదాపు 2,700 మాత్రమే. ఇట్టి జాతులను సజీవముగా పెంచుటయే వానిని కాపాడుటకు ప్రధాన మార్గము. ఆ మొలకలనుండి 22 మొక్కలు 1877లో సింగపూరునకు చేరెను. 1888లో అచ్చటి తోటకు అధికారియై వచ్చిన హెన్రీ రిడ్లే, పెరిగిన చెట్లపై ఏండ్లతరబడి పరీక్షలు జరిపెను. చెట్టు చెడకుండ బెరడును పలుచగా గీచి మరల మరల పాలు తీయు విధమును ఆయన కనుగొనెను. చెట్లు నిలిచియుండుటచేతనే ఈ కృషి సాధ్యమయ్యెను.

అయితే ప్రాణమున్నదానికి అపాయము తప్పదు. 1864 నాటి తుఫానులో కలకత్తా తోటలోని చెట్లు విశేషముగా నేలకూలెను. దక్షిణాఫ్రికాలోని నటాలు అడవిలో 1895లో ఈతచెట్టును బోలిన వృక్షజాతి యొకటి కనబడెను. వుడ్డు అను శాస్త్రజ్ఞుని పేర అది ప్రసిద్ధము. దొరికినది ఒక్క మగచెట్టు మాత్రమే; ఆడుచెట్టు నేటివరకు లభింపలేదు. నేడు పలు తోటలలో నున్నవన్నియు దాని పిలకలనుండి వచ్చినవే. అవి జీవించుచున్నవి గాని, తమలో తాము విత్తనము పుట్టింపజాలవు. ఒక జాతికి ఒకే మొక్కను దాచిన చాలదు. పలుతావులనుండి తెచ్చిన పలు మొక్కలను, ఒకటికంటె నెక్కువ తోటలలో పెంచవలెను.

మొక్క యెంత ముఖ్యమో దాని వ్రాతయు నంత ముఖ్యము. విత్తనము ఏ కొండనుండి వచ్చినది, ఏ యేట నాటబడినది అను వివరములు లేనిచో ఆ చెట్టు నీడ నిచ్చును గాని శాస్త్రజ్ఞుని ప్రశ్నకు సమాధాన మీయదు. నేటి శాస్త్రజ్ఞులు ఆకు తునకనుండి వంశలక్షణములను చదువగలరు. కాని ఆ యాకు ఎచ్చటి చెట్టుదో తెలియనిచో ఆ చదువు కొరతపడును.

పట్టిక వ్రాయుట ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల అలవాటు. ఊరిలోని పాత మామిడి, చింత, పనస చెట్లకును ఒక పుస్తకము తెరువవచ్చును. చెట్టు పేరు, ఉన్న చోటు, నాటిన కాలము, పూచు మాసము, కాయ గుణము అందు వ్రాసిన చాలును. పెద్దలకు తెలిసిన పేర్లు పెద్దలుండగనే వ్రాయవలెను. రాక్స్‌బర్గునకు తెలుగు పేర్లు చెప్పిన గ్రామస్థులెవరో లోకమునకు తెలియదు. వారు చెప్పిన పేర్లు మాత్రము రెండువందల యేండ్లు దాటియు జీవించియున్నవి.