బిడ్డ చూపు వెంట
ఆటిజం ఉన్న పసిపిల్లలతో రోజంతా గడిపేది ఇంట్లోవాళ్లే. థెరపిస్టు దొరికేది వారానికి గంటో రెండు గంటలో, అదీ పట్నంలో ఉంటేనే. కాబట్టి శిక్షణ ఇంటికే రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇందుకోసం ఉచిత ఆన్‌లైన్ పాఠాలు తెచ్చింది. ఫోన్‌లో చూస్తే వచ్చేస్తుందా అంటారు కొందరు. న్యాయమైన సందేహమే. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక పరిశోధన చూడండి. అక్కడ నేర్పింది నిపుణులు కాదు, తర్ఫీదు పొందిన మామూలు కార్యకర్తలు. అమ్మ, బిడ్డ ఆడుకుంటుంటే వీడియో తీశారు. దాన్ని అమ్మతో కలిసి చూశారు. బిడ్డ దేన్ని చూశాడు? అప్పుడు అమ్మ ఏం చేసింది? ఇదే పాఠం. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

అది ఎదురుగా కూర్చుని నేర్పిన శిక్షణ, నిజమే. కానీ వీడియో పంపడం, చూసి సలహా చెప్పడం ఫోన్‌లోనూ కుదురుతుంది. సలహా చెప్పే మనిషి లేని కోర్సు సగం పాఠమే అని నా అభిప్రాయం. అలాంటి మనిషి దొరికేలోగా రోజూ కాసేపు, బిడ్డకు నచ్చిన ఆటలో పక్కన కూర్చోండి. ప్రశ్నలు తగ్గించండి. బిడ్డ చూసినదాని పేరు చెప్పండి. చెప్పి, ఆగండి. చూపుకూ, చిన్న శబ్దానికీ బదులివ్వండి. ఇవి చేస్తున్నా, బిడ్డకు సరిగ్గా వినిపిస్తోందో లేదో తేల్చే వినికిడి పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.